రెల్లుగడ్డి మీద ఖడ్గశాసనం

ఏడు కోటగోడల నడుమ, పసుపురాతి మేడలతో, మేడమేడకూ రాగి కలశంతో, మిట్టమధ్యాహ్నపు ఎండలో కళ్ళు చెదిరేలా మెరిసే మహానగరం శైలపురి. ఆ నగరపు యువరాజు, మణిశిలా రాజ్యానికి కాబోయే చక్రవర్తి, ఒకేసారి మూడు కత్తులు తిప్పగలడని భట్రాజులు పొగిడే శరభకేతుడు, ఆ సమయానికి చింకి పంచె కట్టుకుని, పక్కన ఎండుచేపల గంప పెట్టుకుని, ఒక గానుగ ఇంటి అటక మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు.

ఎదురుగా ఇద్దరున్నారు. ఒకరు వరద సోమయాజి. పదవిలో ఉన్నంతకాలం నగరాన్ని గడగడలాడించిన ధర్మాధికారి. తొమ్మిది రోజులుగా పీఠం పోయి, సేనాపతి భటులకు చిక్కకుండా ఈ అటకెక్కి పనసగింజలు ఒలుచుకుంటున్నాడు. రెండో మనిషి ముత్యాలి, నార తాళ్ళు పేనుకుని బతికే పాతికేళ్ళ పడుచు. ఆమె ఒళ్ళో ఒక జత అరిగిన చెప్పులున్నాయి.

ఆ చెప్పులు ఆమె తండ్రివి. ఆయన పేరు తిప్పన్న, పులికనుమలో కాపలాదారు. ఇవాళ పొద్దు కుంకేసరికి ఆయన తల నరకబోతున్నారు. అందుకు కారణం శరభకేతుడు. ఆ శరభకేతుడు ఈ చేపలవాడేనన్న సంగతి అటక మీద అతనొక్కడికే తెలుసు.

దాచి లాభం లేదు కనక మనమూ తెలుసుకుందాం. రాజుగారు అంతుచిక్కని జ్వరంతో పడకేసి నెలైంది. రాజముద్ర కొడుకు చేతికొచ్చింది. కొత్త పెత్తనం ముచ్చటకొద్దీ యువరాజు సరిహద్దు కాపలా తనిఖీ చేస్తానని పులికనుమకు వెళ్ళాడు. తెల్లవారి మంచులో, లోయకు అవతల, వేలమంది సైనికులు లేచి నిలబడ్డారు. లోయ అవతలి శత్రువు, ధూమ్రకుండుడనే మాంత్రికుడు, రెల్లుపొదల మీద పొగ ఊది నిలబెట్టిన సైన్యమది. "ఆగండి దొరా! గాలెటు పోతే అటే ఒంగుతున్నారు, వాళ్ళు మనుషులు కారు!" అని తిప్పన్న అరుస్తూనే ఉన్నాడు. మన వీరుడు అప్పటికే కాళ్ళకు బుద్ధి చెప్పాడు.

నగరం చేరాక సేనాపతి కంఠీరవుడు ఏమైందని అడిగాడు. పారిపోయి వచ్చానని చెప్పడానికి యువరాజుకు నోరు రాలేదు. "పదివేలమంది వచ్చారు, వందమందిని నరికి వార్త చెప్పడానికి వచ్చాను" అన్నాడు. నిండుసభలో ఒట్టు కూడా వేశాడు. ఆ ఒట్టు చూపించి సేనాపతి ఒక తాటాకు ముందు పెట్టాడు. దాని మీద ఖడ్గశాసనం అని రాసుంది. యువరాజు ముద్ర వేశాడు.

రెండు రోజులకు తిప్పన్న ఒక మోపు రెల్లు కోసుకొచ్చి, నడివీధిలో పడేసి, ఇదిగో మీ శత్రుసైన్యం అన్నాడు. పుకార్లు పుట్టిస్తున్నాడని పట్టుకుపోయారు. శరభకేతుడికి నిజం ఆనాడే తెలిసింది. ఏడు రోజులు కిక్కురుమనలేదు. ఈ ఉదయం శిక్షల పట్టీ ముద్ర కోసం వచ్చింది. అందులో మొదటి పేరు తిప్పన్నది. అప్పుడు మాత్రం చెయ్యి ఆడలేదు. ముద్ర పడకపోయినా సేనాపతి కత్తి ఆగదని తెలుసు. ముద్ర మొలలో దోపుకుని, గోడ దూకి, మారువేషంలో ధర్మాధికారిని వెతుక్కుంటూ వచ్చాడు.

"అయ్యా, మా నాయన చెప్పులు తెచ్చాను. తీసుకోండి," అంది ముత్యాలి.

"ఎక్కడ తీసుకోనే తల్లీ? న్యాయమండపం గడప మీద పెడితే అది వ్యాజ్యం. అటక మీద పెడితే ఉత్త చెప్పులు."

మణిశిలా రాజ్యంలో అదొక ఆచారం. ఎవరినైనా చెరలో వేస్తే, అయినవాళ్ళు అతని చెప్పులు నెత్తిన పెట్టుకొచ్చి న్యాయమండపం గడప మీద ఉంచి "మనిషిని చూపించండి" అంటారు. ధర్మాధికారి ఆ చెప్పులు ముట్టుకున్నాడంటే, చెరసాల అధికారి అప్పటికప్పుడు ఖైదీని తెచ్చి నిలబెట్టాలి. ఏ నేరానికి పట్టుకున్నారో అందరి ముందూ చెప్పాలి. చెప్పలేకపోతే ఖైదీ ఆ చెప్పులు తొడుక్కుని ఇంటికి పోతాడు.

"ఖడ్గశాసనమంటే అసలేమిటండీ?" చేపలవాడు మెల్లగా అడిగాడు.

సోమయాజి చేతిలోని పనసగింజ పక్కన పెట్టాడు. "తొమ్మిది రోజులుగా దాని కింద బతుకుతూ ఇప్పుడడుగుతున్నావా? సరే విను. సైన్యానికో చట్టం ఉంది, సైనిక ధర్మం. కాపలాలో కునుకు తీస్తే ఇన్ని దెబ్బలు అనేలాంటిది. అది సైనికుల వరకే. వరదో కరువో వస్తే రాజు ఆపద్ధర్మం ప్రకటిస్తాడు. ధాన్యపు కొట్లు ఆయన చేతిలోకి పోతాయి, నా పీఠం మాత్రం నాకుంటుంది. ఖడ్గశాసనం ఈ రెండూ కాదు. సైనికుడి కత్తి నీ మెడ మీదకీ నా మెడ మీదకీ వస్తుంది. నేరమేదో సేనాపతి చెబుతాడు. విచారణ ఆయన గుడారంలో, తీర్పు ఆయనదే. పైన మొరపెట్టుకోవడానికి ఇంకెవరూ ఉండరు. మూడో జాము నగారా మోగాక గుమ్మం దాటితే నేరం. నలుగురు కూడితే నేరం. మనిషిని చూపించమని అడిగే హక్కు కూడా గంగలో కలిసినట్టే."

శరభకేతుడికి ముఖం మండిపోయింది. ముద్ర వేసేటప్పుడు ఈ ముక్క అడగాలని తోచలేదు. ఎంత త్వరగా వేస్తే అంత త్వరగా అందరూ తన వందమంది కథ మరిచి లేచిపోతారనుకున్నాడు, అంతే.

"దానికి విరుగుడే లేదా?"

"ఉంది. న్యాయస్థానం నడవలేని చోటే ఖడ్గశాసనం నడవాలి. మండపం తలుపులు తెరుచుకుని ఒక్క వ్యాజ్యం విచారణకొచ్చి, ఏ కారణం చెప్పి దూలానికి కత్తి కట్టారో ఆ కారణం అబద్ధమని తేలితే చాలు, కత్తి దిగుతుంది. అదే కారణంతో మళ్ళీ ఎవడూ కట్టలేడు. ఇది భటులకూ తెలుసు. కత్తి వేలాడుతుండగా నరికితే విధి, దిగాక నరికితే హత్య."

"మరి తేల్చండి!" అంది ముత్యాలి.

"సాక్షి ఏడమ్మా? ఆ పొద్దున కనుమ కొసన నిలబడి చూసింది ఇద్దరే. ఒకడు మీ నాయన. ఖైదీ సాక్ష్యం అతనికే పనికిరాదు. రెండోవాడు..."

"ఆ యువరాజా!" ముత్యాలి పళ్ళు కొరికింది. "ముప్పై ఏళ్ళు ఆ కనుమలో ఉన్నాడు మా నాయన. ఆయనకు రెల్లేదో మనిషేదో తెలీదా? ఒట్టేసి ముద్రేసిన ఆ మొహం ఒక్కసారి నా కళ్ళపడాలి."

ఆ మొహం ఆమెకు మూరెడు దూరంలో ఉంది. చేపలవాడు తల వంచుకుని గంపలోకి చూస్తూ కూర్చున్నాడు. 

"సాక్షిని నేను తెస్తాను. మండపానికి పదండి," అన్నాడు చివరకు.

మరుక్షణం ముగ్గురూ కదిలారు. గానుగాయన తెలకపిండి బండి కట్టాడు. బక్కపలచని ధర్మాధికారిని గోనెల మధ్య కుదేసి పైన తెలకపిండి పోశారు. ముత్యాలి ఎడ్లను అదిలించింది, శరభకేతుడు గంప నెత్తినెత్తుకుని వెనకాల నడిచాడు. రథాలవీధి మలుపు తిరిగేసరికి ఢం ఢం ఢం అని మూడో జాము నగారా మొదలైంది. వీధి రెండువైపులా తలుపులు దభాలున మూసుకున్నాయి. ముగ్గురు భటులు బండికి అడ్డం వచ్చారు. ఒకడు ఈటెతో గోనెలు పొడవసాగాడు. మూడో పోటుకు లోపల్నుంచి "అబ్బా!" అని వినబడింది.

ముత్యాలి ఆలోచించలేదు, ఎడ్ల తోకలు మెలిపెట్టింది. శరభకేతుడు చేపలగంప భటుల ముఖాల మీదకు విసిరి బండి వెనక పట్టుకు వేలాడాడు. బండి మెట్లవీధిలో ఎగిరెగిరి పడుతూ దిగింది. కుండల బజారులో ఒక చక్రం ఊడింది, మిగిలిన చక్రం మీదే ఒరిగి నాలుగు బారలు ఈడ్చుకుపోయి, న్యాయమండపం ముందు ముక్కలుగా కూలబడింది. తెలకపిండి రాశిలోంచి ధర్మాధికారి తుమ్ముతూ లేచాడు. భుజం మీద నెత్తుటి గీత ఉంది.

న్యాయమండపం శైలపురికి నడిబొడ్డు. నూట ఎనిమిది స్తంభాలు, స్తంభానికో ధర్మదేవత, ముంగిట పాలరాతి దూలం. ఆ దూలానికి మూడు వందల ఏళ్ళుగా వెండి త్రాసు వేలాడేది. ఇప్పుడా త్రాసు నేల మీద ఒక మూల పడి ఉంది. దూలానికి ఒర లేని కత్తి వేలాడుతోంది. తలుపుల మీద, నల్లగా, మూడు చుట్లు చుట్టుకుని ఒక పొగపాము ఉంది. అదీ ధూమ్రకుండుడు ఊదిన పొగేనని ఊరికి తెలియదు.

"ఎవడ్రా నువ్వు?" తలుపు దగ్గరి భటుడు కత్తి దూశాడు.

"ఎండుచేపలు అమ్ముకునేవాణ్ణి," అన్నాడు శరభకేతుడు.

పాము బుస్సుమని మూరెడు పెరిగింది. ముత్యాలి అడుగు వెనక్కు వేసింది.

"ఇక్కడేం పని?"

"దారి తప్పి వచ్చాను."

పాము ఇంకో మూరెడు పెరిగి పడగ అతని తల మీదికి దించింది. అబద్ధం తిని బలిసే పాము అది. దాన్ని ఇన్నాళ్ళూ మేపింది ఎవరో శరభకేతుడికి అప్పుడు తట్టింది. పక్కన ముత్యాలి ఉంది. ఆమె ముఖం చూసే ధైర్యం లేక తలుపునే చూస్తూ అన్నాడు.

"నేను శరభకేతుణ్ణి. ఈ రాజ్యపు యువరాజుని. ముద్ర వేసింది నేనే."

పాము సర్రున చిక్కిపోయింది. మోకు లావై, తాడు లావై, దూలం మీదికి పాకి నక్కింది. మొలలోని రాజముద్ర చూసి భటుడు బిగుసుకుపోయాడు. తలుపులు తెరుచుకున్నాయి.

 తండ్రి చెప్పులు అతనికి దూరంగా, ఎడమచేతిలోంచి కుడిచేతిలోకి మార్చుకుని ముత్యాలి లోపలికి నడిచింది. కొట్టినా అతనికి అంత నొప్పి పుట్టేది కాదు.

ధర్మాధికారి తెలకపిండి దులుపుకుంటూ పీఠమెక్కాడు. ముత్యాలి చెప్పులు గడప మీద ఉంచి "మా నాయన తిప్పన్న. మనిషిని చూపించండి," అంది. సోమయాజి వంగి చెప్పులు ముట్టుకున్నాడు. మండపం కిందే చెరసాల. ముప్పై ఏళ్ళుగా ఆ కేకకు మెట్లెక్కి రావడం అలవాటైన చెరసాల అధికారి, ఖడ్గశాసనం సంగతి గుర్తు రాకముందే తాళపుచేతులు గలగలలాడించుకుంటూ తిప్పన్నను తెచ్చి నిలబెట్టాడు. తర్వాత నాలుక కరుచుకున్నాడు గానీ, అప్పటికే వ్యాజ్యం మొదలైపోయింది.

న్యాయమండపం తలుపులు తెరిచారన్న మాట వీధులు పట్టుకు పాకింది. ఒక కిటికీ తెరుచుకుంది. ఒక ముసలావిడ గుమ్మం దాటింది. ఆమె వెనక ఇద్దరు, వాళ్ళ వెనక పదిమంది. నలుగురు కూడటమే నేరమైన ఊళ్ళో చూస్తుండగానే నాలుగు వందలమంది కూడారు. అంతలో గుర్రపు డెక్కల చప్పుడు. సేనాపతి కంఠీరవుడు వందమంది భటులతో దిగాడు. విచారణ మొదలైన మండపంలోకి కత్తి తేవడానికి వీల్లేదు. భటులు గడప బయటే ఆగారు. సేనాపతి కత్తి విప్పి బయట పెట్టి, నవ్వుతూ లోపలికి వచ్చాడు.

"సాక్షి ఎవరు?" అన్నాడు సోమయాజి.

శరభకేతుడు ముందుకొచ్చాడు. కంఠీరవుడు అతని చెవి దగ్గర తల పెట్టాడు.

"యువరాజా, ఎందుకీ అల్లరి? శత్రువులు మీ పరాక్రమం చూసి వెనక్కి పోయారని చెప్పండి. ఈ సాయంత్రమే నేనే ఖడ్గశాసనం ఎత్తేస్తాను. ముసలాణ్ణి వదిలేస్తాను. ఆయన ప్రాణం నిలుస్తుంది, మీ పరువూ నిలుస్తుంది. ఏమంటారు?"

సేనాపతి ఎత్తేసింది సేనాపతే మళ్ళీ రేపు కట్టగలడు. అబద్ధమని మండపంలో తేలితేనే మళ్ళీ కట్టలేరని సోమయాజి అటక మీద చెప్పాడు. అయినా శరభకేతుడి చూపు జనం మీద పడింది. నాలుగు వందల జతల కళ్ళు. ముందు వరసలో భట్రాజు కూడా ఉన్నాడు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"సైన్యం... వచ్చింది. నా పోరు చూసి... వెనక్కి పోయింది."

దూలం మీద నుంచి పాము దూకింది. తాడు లావున్నది తాటిమొద్దంతై, సంకెళ్ళతో నిలబడ్డ తిప్పన్నను మెడదాకా చుట్టేసింది. ముత్యాలి కెవ్వుమని దాన్ని చేతులతో పీకబోయింది. పొగ చేతికి చిక్కలేదు. తిప్పన్న కళ్ళు బయటికి పొడుచుకొస్తున్నాయి. ఆ కళ్ళు శరభకేతుణ్ణే చూస్తున్నాయి. వాటిలో కోపం ఉన్నా బాగుండేది. కనుమలో ఆ పొద్దున, ఆగండి దొరా అన్నప్పటి చూపే ఉంది.

"లేదు!" శరభకేతుడు అరిచాడు. "సైన్యం రాలేదు. అది రెల్లుగడ్డి. నేను భయపడి పారిపోయాను. వందమందిని కాదు, ఒక్కణ్ణి కూడా నరకలేదు, కత్తే దూయలేదు. తిప్పన్న ఆగమన్నాడు, ఆగలేదు. ఊరికొచ్చి అబద్ధం చెప్పాను. రెండో రోజుకే నిజం తెలిసింది. ఆ తర్వాత ఏడు రోజులు వేళకు తిన్నాను, వేళకు పడుకున్నాను, నోరు విప్పలేదు. ఇప్పుడు, ఈ మనిషి ముందు నిలబడి, మళ్ళీ అబద్ధమాడాను."

"ఎందుకు?" అన్నాడు ధర్మాధికారి.

"పిరికివాడంటారని."

 ఎవరైనా పకపకా నవ్వితే బాగుండునని శరభకేతుడికి అనిపించింది. ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో భట్రాజు తల దించుకున్నాడు. తన భట్రాజే తన కోసం సిగ్గుపడటం చూసి శరభకేతుడికి తల కొట్టేసినట్టయింది.

పాము పొగ పొగగా విడిపోయింది. తిప్పన్న దగ్గుతూ నేల మీద కూలబడ్డాడు. ముత్యాలి తండ్రిని ఒళ్ళోకి తీసుకుంది.

సోమయాజి లేచి నిలబడ్డాడు. "ఖడ్గశాసనానికి చెప్పిన కారణం అబద్ధం. కనక శాసనం చెల్లదు. కత్తి దించి త్రాసు కట్టండి. తిప్పన్నకు చెప్పులివ్వండి. శరభకేతా, అబద్ధపు ఒట్టుకు శిక్ష రేపు చెబుతాను. ఈ క్షణం నుంచి నువ్వు యువరాజువు కావు. ముద్ర ఇక్కడ పెట్టు."

శరభకేతుడు మొలలోంచి ముద్ర తీసి పీఠం మీద పెట్టాడు. సేనాపతి మెల్లగా గడప వైపు జారుకోబోయాడు. "పట్టుకోండి సేనాపతిని!" అని చెరసాల అధికారి అరిచేలోపే కంఠీరవుడు వికటంగా నవ్వి, గాలిలో తేలుతున్న పొగను దుప్పటిలా లాగి కప్పుకున్నాడు. పొగ గిర్రున తిరిగి, కప్పు కన్నంలోంచి ఎగిరి, పులికనుమ వైపు దూసుకుపోయింది.

అందరూ పైకి చూస్తుంటే తిప్పన్న ఒక్కడూ భటుల వైపు చూశాడు. "ఒరే అబ్బాయిలూ, మీరంతా ఇక్కడున్నారు. కనుమలో ఎవరున్నార్రా?"

 తొమ్మిది రోజులుగా సైన్యమంతా శైలపురి వీధుల్లో కుమ్మరులనూ సాలెవాళ్ళనూ కాపలా కాస్తోంది. సరిహద్దులో ఒక్క పురుగు లేదు. రెల్లుసైన్యం ఎందుకు లేచిందో, సేనాపతి ఎవరి మనిషో అందరికీ ఒక్కసారే అర్థమైంది. బురుజు మీంచి కొమ్ము ఊదారు. పులికనుమ దిక్కున ధూళి లేస్తోందట.

"నాకో గుర్రం ఇవ్వండి," అన్నాడు తిప్పన్న. "కనుమ తలుపు మూసే కిటుకు నాకు తెలుసు. చక్రం తిప్పడానికి ఇంకొకడు కావాలి. దారి చూసినవాడైతే మేలు. మీరంతా వెనకాల రండి."

అక్కడున్నవాళ్ళలో దారి చూసినవాడు ఒక్కడే. శరభకేతుడు ఒక అడుగు ముందుకు వేశాడు.

"వీడా?" అంది ముత్యాలి. "నాయనా, వీడితో పోతావా నువ్వు?"

"దారి తెలిసినవాడమ్మా," అన్నాడు తిప్పన్న.

రెండు గుర్రాలు ఏడు కోటగోడలూ దాటి, ఎర్రమట్టి గుట్టలు దాటి, సంజవెలుగు ఇంకా కొండల మీద ఉండగానే పులికనుమ చేరాయి. ఈసారి వచ్చింది మనుషులే. గుర్రాల సకిలింపులు వినిపిస్తున్నాయి, వంటపొగ వాసన కూడా వస్తోంది. ఇరుకు దారి నిండా ఈటెలు. వాటి ముందు నల్లదుప్పటి కప్పుకున్న కంఠీరవుడు, అతని పక్కన ఎముకల కిరీటంతో ధూమ్రకుండుడు. కనుమ తలుపు బార్లా తెరిచి ఉంది. దాన్ని మూసే చక్రం వంద అడుగుల అవతల, వాళ్ళకూ వీళ్ళకూ సరిగ్గా నడుమ ఉంది. మొదటి బాణం వచ్చి శరభకేతుడి గుర్రం కాళ్ళ ముందు దిగబడింది.

తిప్పన్న గుర్రం దిగి, పంచె ఎగ్గట్టుకుని, ఈటె చేతిలోకి తీసుకున్నాడు.

"బాబూ, పారిపోవాలనిపిస్తే ముందు నాతో చెప్పు."

శరభకేతుడూ గుర్రం దిగాడు. "ఇప్పుడే అనిపిస్తోంది తిప్పన్నా."

"నాకూ అనిపిస్తోంది," అన్నాడు తిప్పన్న. "పద."